అర్ధరాత్రి హాస్యగాండ్రు - నాయకుల పాతమాటలు

రాజసభలలో విదూషకునికొక చనువుండెడిది. మంత్రి నోరెత్తజాలనిచోట వాడు నోరెత్తును. రాజు నవ్వెనా, వాని మాట నిలుచును. నవ్వకుండెనా, వాని తల నిలువదు. తెనాలి రామకృష్ణుడు మనవాడని మనమందుము, తమవాడని కన్నడిగులందురు, తమిళదేశపు పిల్లలకు ఆయనయే తెన్నాలిరామన్. మేముండు బళ్ళారికి హంపీ దాదాపు 60 కిలోమీటర్ల దూరమే గనుక ఈ ముచ్చటైన తగవు మాకు తరచుగా వినవచ్చుచుండును. మా చిన్ననాట తోలుబొమ్మలాటలో రాత్రి రెండు జాములు దాటిన పిదప, రామలక్ష్మణుల బొమ్మలకు కొంత విశ్రాంతినిచ్చి, జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చెడివారు. ఊరిపెద్దల నిర్వాకము అప్పుడు బయటపడెడిది. పగటివేళ ఆ పెద్దల యెదుట తలవంచుకొని నడచినవారే ఆ రాత్రి చాపలమీద కూర్చుండి కడుపుబ్బ నవ్వెడివారు. ముందువరుసలో మంచములపై కూర్చున్న ఆ పెద్దలకును నవ్వక తప్పెడిది కాదు.

ఇట్టి నడిరేయి హాస్యము అమెరికాలో ఒక పెద్ద వ్యవస్థయై, నాయకుల మాటలకును చేతలకును గల దూరమును కొలుచుచున్నదని 2019 వరకు మాకు తెలియదు. మేము ఎస్సెస్సెల్సీ వరకే చదివినవారము. ముప్పదియేడేండ్లు గుమాస్తాగిరి చేసి 2018లో విరమించితిమి. మరుసటి వేసవిలో మా పెద్దవాడు న్యూజెర్సీకి పిలిపించుకొనెను. అక్కడికి పోయి వచ్చిన పెద్దలందరికిని తెలిసినదే గదా, మొదట కొన్నాళ్ళు పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఇల్లంతయు గుఱకపెట్టువేళ మేము చప్పుడు తగ్గించి టెలివిజను ముందు కూర్చుండెడివారము. ఒక బల్ల, దాని వెనుక సూటు తొడిగిన ఒక మనిషి, ప్రక్కన వాద్యబృందము, ఎదుట పగలబడి నవ్వు జనము. సగము మాటలు అర్థమయ్యెడివి కావు. తెల్లవారిన తరువాత కొడుకు నడిగినచో, “ఏమీ లేదు నాన్నా, ఆ సెనేటరు పోయినేడు ఒక మాటన్నాడు, ఈ ఏడు దానికి ఎదురుమాట అన్నాడు. రెండు టేపులూ పక్కపక్కన వేసి చూపించారు, అంతే” అని చెప్పెను.

అంతేయట! ముప్పదియేడేండ్లు మేము చేసిన పనియు అంతే. క్రొత్త కాగితము వచ్చినప్పుడు రికార్డు గదికి పోయి పాత కాగితము వెదకి తెచ్చి, రెండింటిని ఒక దారమున కట్టి పై అధికారి బల్లమీద పెట్టుట. గుమాస్తా చేసినచో ఎవరును నవ్వరు, హాస్యగాడు చేసినచో దేశము నవ్వును. ఆ పోలికయే మమ్ము ఈ విషయము వెంట పడవేసినది. తిరిగి వచ్చిన తరువాత ఇన్నేండ్లును పిల్లల సాయముతో పాత కార్యక్రమములు చూచుచు, తెలిసినవారిచేత చదివించుకొనుచు, మాకు చిక్కిన చరిత్రను ఇక్కడ వ్రాయుచున్నాము.

ఈ కార్యక్రమములకు మూలము ఎన్‌బీసీ సంస్థవారి ‘టునైట్ షో’. 1954 సెప్టెంబరు 27న అది దేశమంతటికి ప్రసారమగుట ఆరంభమయ్యెను. స్టీవ్ ఆలెన్ తొలి నిర్వాహకుడు. 1957లో జాక్ పార్ వచ్చెను. 1960 ఫిబ్రవరిలో పార్ చెప్పిన మరుగుదొడ్డి ముచ్చట నొకదానిని సంస్థవారు ఆయనకు తెలియకుండ కత్తిరించిరి. మరునాటి రాత్రి ఆయన ప్రేక్షకుల యెదుటనే పని మానుకొంటినని చెప్పి లేచిపోయెను. దాదాపు నెల దినములకు గాని తిరిగి రాలేదు. మరుగుదొడ్డి పేరు వినుటకు సిగ్గుపడిన ఆ వేదికమీదికే, అదే సంవత్సరమున, అధ్యక్షపదవికి పోటీపడిన కెనడీయు నిక్సనును విడివిడిగా వచ్చి కూర్చుండి నవ్వులు పంచిరి. వోటరు పడకగదిలోనికి దారి ఎక్కడున్నదో నాయకులు అప్పుడే కనిపెట్టిరి. 1962 అక్టోబరు 1 మొదలు 1992 మే 22 వరకు జానీ కార్సన్ ఆ బల్ల వెనుక కూర్చుండెను. ఆయన ఏ పక్షమువాడో ముప్పదియేండ్లలో తెలియనీయలేదు. అందరిని సమముగా గిల్లెను, ఎవరికిని రక్తము రానీయలేదు.

కత్తికి అసలు పదును పెట్టినది ఇంగ్లండు. ప్రభుత్వము పెట్టిన సంస్థయైన బీబీసీవారే 1962 నవంబరులో శనివారము రాత్రులయందు ‘దట్ వాజ్ ది వీక్ దట్ వాజ్’ అను వారాంతపు వ్యంగ్య కార్యక్రమమును ప్రారంభించిరి. డేవిడ్ ఫ్రాస్ట్ దాని సూత్రధారి. పార్లమెంటులో ఏండ్లతరబడి నోరు విప్పని సభ్యులను పేరుపేరున ఎత్తి చెప్పినప్పుడు పెద్ద దుమారము రేగెను. పాపము, ఆ సభ్యులు తప్పుడు మాటయైనను ఆడినవారు కారు! 1963లో ప్రొఫ్యూమో అను మంత్రి సభలో బొంకి పట్టుబడినప్పుడు ఈ కార్యక్రమమునకు పండుగయే. కాని 1964 ఎన్నికల సంవత్సరమని చెప్పి 1963 చివరనే దానిని ఎత్తివేసిరి. పరిహాసము ఎక్కువ అక్కరకు వచ్చు సంవత్సరమే గదా ఎన్నికల సంవత్సరము. ఆ పన్నెండు నెలలపాటు హాస్యము దాచిపెట్టి, ఉపన్యాసములు మాత్రము వదలివేసిరి.

అమెరికాలోను అట్లే జరిగెను. టామ్, డిక్ అను స్మదర్స్ సోదరులు 1967 నుండి సీబీఎస్ సంస్థలో ఆదివారము రాత్రి ఒక కార్యక్రమము నడిపిరి. అది 9 గంటలకే వచ్చునది గనుక అర్ధరాత్రి లెక్కకు రాదు, అయినను విడువరాదు. వియత్నాం యుద్ధమును ఎత్తిపొడుచు పాట నొకదానిని పీట్ సీగర్ పాడగా సంస్థవారు 1967లో తీసివేసి, గోల జరిగిన తరువాత 1968 ఫిబ్రవరిలో పాడనిచ్చిరి. 1969 ఏప్రిల్‌లో కార్యక్రమమునే రద్దుచేసిరి. సోదరులు కోర్టుకెక్కి 1973లో గెలిచిరి. మరియొక సంగతి. 1968 సెప్టెంబరులో, ఎన్నికలకు రెండు నెలల ముందు, నిక్సను ‘లాఫ్-ఇన్’ అను హాస్య కార్యక్రమములో నాలుగైదు క్షణములు కనబడి, తననే వేళాకోళము చేసికొని పోయెను. బిగువు మనిషియని పేరుపడినవానికి ఆ నాలుగు క్షణములు పెద్ద మేలు చేసినవని అక్కడివారందురు. ఆయన ప్రత్యర్థి హంఫ్రీని పిలిచినను రాలేదు. అనగా హాస్యగాడు నాయకుని ముసుగు తీయుటయే కాక, నాయకునికి క్రొత్త ముసుగు కుట్టి యిచ్చుటయు కలదు. 1975లో ఎన్‌బీసీవారు ఆరంభించిన ‘సాటర్డే నైట్ లైవ్’లో చెవీ ఛేస్ అనునతడు అధ్యక్షుడు ఫోర్డును మాటిమాటికి బోర్లపడవేసి నవ్వించెను. మరుసటి సంవత్సరము ఆ ఫోర్డు పత్రికా కార్యదర్శియే వచ్చి ఆ కార్యక్రమమును నిర్వహించిపోయెను. కాలు జారుట కపటము కాదు గనుక దానిపై మేమేమియు చెప్పము.

పాత దస్త్రమును క్రొత్త దస్త్రముతో జతపరచు విద్య పూర్ణరూపము దాల్చినది ‘డైలీ షో’లో. కామెడీ సెంట్రల్ అను చానెల్‌లో 1996 జులైలో అది ప్రారంభమైనను, 1999 జనవరిలో జాన్ స్టూవర్టు పగ్గములు పట్టిన తరువాతనే దానికి ఈ గుణమబ్బెను. అక్కడి ఉద్యోగులు పగలంతయు వార్తా చానెళ్ళను యంత్రములలో పట్టి యుంచి, ఏ నాయకుడు ఏ మాటన్నను, అతడే మునుపన్న మాటకై టేపులు త్రవ్వెడివారు. మేము చూచినవాటిలో మిక్కిలి ముచ్చటైనది 2003 ఏప్రిల్ నాటి యొక వాదప్రతివాదము. ఒకవైపు టెక్సాస్ గవర్నరు బుష్, మరొకవైపు అధ్యక్షుడు బుష్. ఇద్దరును ఒక్కరే. 2000 ఎన్నికల చర్చలలో గవర్నరుగారు మన సైన్యములు పరదేశములలో ప్రభుత్వములు నిర్మించు పనికి పోరాదని, అమెరికా ఇతర దేశములయెడ అణకువతో మెలగవలెనని చెప్పియుండిరి. 2003లో ఇరాకును పట్టుకొన్న అధ్యక్షులవారు సరిగా తలక్రిందులు చెప్పుచుండిరి. స్టూవర్టు మధ్యవర్తివలె ఒక ప్రశ్న వేయును, గవర్నరు టేపు జవాబు చెప్పును. అదే ప్రశ్నకు అధ్యక్షుని టేపు జవాబు చెప్పును. స్టూవర్టు తనదియని ఒక అభిప్రాయమైనను చెప్పనక్కరలేదు. మంచి గుమాస్తా వ్రాయు నోటువలె నుండెను. సంతకము చేయువాడు దానిని చదివి తానే సిగ్గుపడవలెను.

2008లోనిది ఇంకొకటి. ఆ ఏడు ఆగస్టులో కార్ల్ రోవ్ అను రిపబ్లికన్ వ్యూహకర్త, ఎదుటిపక్షమున ఉపాధ్యక్ష పదవికి వినబడుచున్న టిమ్ కేన్‌ను గూర్చి, గవర్నరుగిరి మూడేండ్లే, మేయరుగా నేలినది అంత పెద్ద నగరమును కాదు, ఇంతపాటి అనుభవమేపాటిదని తీసిపారవేసెను. నెల తిరుగక మునుపే ఆయన పక్షమువారు సారా పేలిన్‌ను నిలుపగా, రెండేండ్లైనను నిండని ఆమె గవర్నరుగిరిని, కేన్ నగరమునకంటె ఎంతో చిన్నదైన పట్టణమునకు చేసిన మేయరుగిరిని గొప్ప అనుభవమని పొగడెను. రెండు టేపులు ఒకదాని వెంట ఒకటి నడిచినవి. ఇట్టివానికి వ్యాఖ్యానమేల?

ఒక్క పక్షమునే వేధించిరని తలంపరాదు. గ్వాంటనామో చెరసాలను ఏడాదిలో మూయవలసినదని 2009 జనవరిలో ఒబామా ఉత్తరువు వ్రాసెను. ఎనిమిదేండ్లకు ఆయన పదవి దిగిపోవునాటికిని అది మూతబడలేదు. 2013లో మాజీ సైనికుల ఆర్జీలు గడువు దాటి పెండింగులో పడినవి ఆరు లక్షలకు మించెను. సైనికశాఖ కంప్యూటరు వ్రాసినది మాజీ సైనికుల శాఖ కంప్యూటరు చదువజాలక కాగితముల కట్టలు మోయించుచుండిరి. సైనికులకు ప్రతి సభలోను నమస్కారము చేయు ప్రభుత్వపు కచేరీలో ఆ కట్టలు పేరుకొన్న తీరును స్టూవర్టు మరల మరల ఎత్తి చూపెను. పెండింగు అను మాట విన్నప్పుడెల్ల మా గుండె ఝల్లుమనును. అది చూచి నవ్వలేకపోతిమి.

డైలీ షోలో పెరిగిన స్టీఫెన్ కోల్బేర్ 2005 అక్టోబరులో తనదియైన కార్యక్రమమును పెట్టుకొని, 2014 డిసెంబరు వరకు నడిపెను. ఈయన పద్ధతి వేరు. తానే ఒక డాంబికుడైన వ్యాఖ్యాత వేషము కట్టి, వేషము విప్పకుండ తొమ్మిదేండ్లు ఆడెను. 2010 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు, కంపెనీలును సంఘములును ఎన్నికలలో ఎంతయైనను వెచ్చించవచ్చునని తీర్పుచెప్పెను. ఆ పిదప ‘సూపర్ ప్యాక్’ అను నిధులు పుట్టుకొచ్చినవి. వాటికి అభ్యర్థితో సంప్రదింపు ఉండరాదని నియమము. పేరునకే నియమము, అభ్యర్థి నిన్నటి సహాయకుడే నేటి నిధి కార్యదర్శి. కోల్బేర్ దీనిని తిట్టలేదు. తానే ఎన్నికల సంఘమునకు దరఖాస్తు పెట్టి, 2011 జూన్ 30న అనుమతి పొంది, ఒక నిధి నెలకొల్పెను. ఆ సంఘమునకు మునుపు అధ్యక్షుడుగా నుండిన ట్రెవర్ పాటర్ ఆయన న్యాయవాది. ఏ ఫారము నింపవలెనో, ఎక్కడ సంతకము చేయవలెనో కార్యక్రమములోనే చెప్పించుకొనుచు, పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసెను. 2012 జనవరిలో అభ్యర్థిగా నిలువ నుద్దేశించితినని చెప్పి, ఆ నిధిని స్టూవర్టు చేతిలో పెట్టి, ఇద్దరును ఒకే వేదికమీద నిలువబడి, మేమిరువురము సంప్రదించుకొనుట లేదని జనమునకు చెప్పిరి! చట్టము ఒక్క అక్షరమైనను తప్పలేదు. ఒక పంచాయతీ గుమాస్తాకు ఈ ఘట్టము చూపగా ఆయన అరగంటసేపు నవ్వి, “ఇది మనవాళ్ళకు చూపించకండి, నేర్చుకొంటారు” అనెను.

ఇక మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన సంగతికి వచ్చుచున్నాము. మా అబ్బాయి యిల్లున్న ఊరినుండి హడ్సన్ నది దాటిన న్యూయార్కే. 2001 సెప్టెంబరు 11న అక్కడి జంట గోపురములు కూలి, ఆనాటి దాడులలో దాదాపు 3000 మంది మడిసిరి. అందులో న్యూయార్కు అగ్నిమాపకదళమువారే 343 మంది. ఆ గుట్టలలో నెలలతరబడి శవములకై త్రవ్వినవారు సిమెంటు, గాజు, ఆస్బెస్టాస్ ధూళిని పీల్చిరి. వారము దినములకే గాలి పీల్చుటకు సురక్షితమని ప్రభుత్వ పర్యావరణశాఖాధిపతి ప్రకటించియుండెను. ఏండ్లు గడచిన కొలది ఆ పనివాండ్రకు ఊపిరితిత్తుల వ్యాధులును, క్యాన్సరును వచ్చినవి. 2006 జనవరిలో మరణించిన జేమ్స్ జడ్రోగా అను పోలీసు పేర వారి చికిత్సకును పరిహారమునకును ఒక చట్టము ప్రతిపాదించిరి. ప్రతి సెప్టెంబరు 11న నాయకులందరును కోటుమీద జెండా బొమ్మ తగిలించుకొని, ఎన్నటికిని మరువమని ప్రమాణము చేయుదురు. 2010 డిసెంబరు 9న ఆ బిల్లు సెనేటులో చర్చకు రావలెనన్న 60 వోట్లు కావలసియుండెను, వచ్చినవి 57. ధనికుల పన్ను తగ్గింపుల సంగతి తేలువరకు ఏ బిల్లును కదలనీయమని రిపబ్లికన్ సభ్యులు పట్టుపట్టియుండిరి.

డిసెంబరు 16న, ఆ సంవత్సరపు తుది కార్యక్రమమును స్టూవర్టు ఈ యొక్క విషయమునకే కేటాయించెను. ఆనాడు గుట్టలలో పనిచేసి రోగులైన నలుగురిని బల్లచుట్టు కూర్చుండబెట్టి, వారిచేతనే మాటలాడించెను. ఆ రాత్రి హాస్యము కొంచెమే. పెద్ద వార్తాసంస్థలు రెండు నెలలకు పైగా ఈ బిల్లు మాటయే యెత్తలేదని ఆయన చూపెను. ఆరు దినములలో, డిసెంబరు 22న, బిల్లు ఉభయసభలలోను నెగ్గెను. 2011 జనవరి 2న ఒబామా సంతకము చేసెను. ఇది ఒక్క హాస్యగాని ఘనత కాదు. ఆ రోగులు ఏండ్లుగా చట్టసభ నడవలలో కాళ్ళరుగ తిరుగుచుండిరి, పన్నుల సంగతియు ఆ మధ్యనే తేలిపోయెను. కాని ఎవరి పేరు ఎదుట ఏ వోటు పడినదో దేశమంతయు చూచినది ఆ రాత్రినే.

ఆ చట్టము అయిదేండ్లకే చేసినది. 2015లో గడువు తీరగా, అప్పటికి ఉద్యోగము వదలిన స్టూవర్టు మరల ఆ రోగుల వెంట నడవలలో తిరిగెను. డిసెంబరులో చికిత్సకు 2090 వరకు పొడిగింపు దొరకినది, పరిహార నిధికి మాత్రము మరల అయిదేండ్లే. 2019 ఫిబ్రవరిలో ఆ నిధి తరిగిపోవుచున్నదని, అప్పటికున్న ఆర్జీలకు నూటికి 50 వంతులు, తరువాతివాటికి 70 వంతులు కోత పెట్టుచున్నామని అధికారి ప్రకటించెను. మేము న్యూజెర్సీలో నుండగా, జూన్ 11న, దిగువసభ ఉపసంఘము విచారణ జరిపెను. అక్కడి చట్టసభ పేరు కాంగ్రెసు. మన కాంగ్రెసు పార్టీ యనుకొని మేము మొదటిదినము కొంత తికమకపడితిమి. టెలివిజనులో చూచితిమి. స్టూవర్టు తన వెనుక కిక్కిరిసిన రోగులను, తన యెదుట ఖాళీగా నున్న సభ్యుల కుర్చీలను చూపి, గొంతు బొంగురుపోవ మాటలాడెను. నవ్వించువాడు ఏడ్చుచుండెను. ఆ గది పూర్తి సంఘమునకు తగినది, ఉపసంఘమువారు తక్కువమందియే, కొందరు వచ్చిపోవుచునే యుండిరని తరువాత చెప్పినవారు కలరు. అదియు న్యాయమైన మాటయే. ఆయన ప్రక్కన లూయిస్ ఆల్వరెజ్ అను విరమించిన పోలీసు డిటెక్టివు కూర్చుండెను. మరునాడు తనకు 69వసారి కీమోథెరపీ యని అతడు శాంతముగా చెప్పెను. జూన్ 29న అతడు మరణించెను. జులై 23న సెనేటు 97 వోట్లతో, ఎదురు రెండే వోట్లతో, నిధిని 2092 వరకు పొడిగించెను. ఆ చట్టపు పేరులో ఆల్వరెజ్ పేరును చేర్చిరి. ఆ వార్త వచ్చిన రాత్రి మేమును మా కోడలును భోజనము ముందు చాలసేపు ఊరక కూర్చుంటిమి. ఆమె ఉద్యోగము చేయునది ఆ గోపురములున్న చోటికి నాలుగు వీధుల దూరమున.

2022లోను ఇట్టిదే జరిగినది. యుద్ధభూములలో చెత్త తగులబెట్టిన పొగ పీల్చి రోగులైన సైనికుల బిల్లునకు జూన్‌లో సెనేటు 84 వోట్లు వేసి, కొద్ది సవరణతో మరల వచ్చినప్పుడు జులై 27న దానిని ఆపివేసెను. జూన్‌నాటి జాబితాయు జులై నాటి జాబితాయు ప్రక్కప్రక్కన పెట్టినంత మాత్రమున వారమైనను గడవక ఆగస్టు 2న 86 వోట్లతో అది నెగ్గెను.

హాస్యగాండ్రను మేము దేవతలను చేయుట లేదు. 2004 అక్టోబరులో స్టూవర్టు ‘క్రాస్‌ఫైర్’ అను చర్చా కార్యక్రమమునకు పోయి, మీ కేకలాట దేశమునకు చెరుపు చేయుచున్నదని వారి మొగముననే చెప్పెను. కొన్ని నెలలకు సీఎన్‌ఎన్ సంస్థ దానిని ఎత్తివేసెను. కాని వారు తిరిగి, నీవు కెర్రీని మెత్తని ప్రశ్నలడుగలేదా యని నిలదీసినప్పుడు, తన కార్యక్రమమునకు ముందు వచ్చునది ఫోనులో ఆకతాయి మాటలాడు బొమ్మల ఆటయని చెప్పి తప్పించుకొనెను. జుట్టుపోలిగాడు మునసబును నిలదీయవచ్చును. తన్ను నిలదీసినప్పుడు, నేను తోలుబొమ్మనే గదా యనుట సరికాదు. క్లింటన్ అధ్యక్షుని వ్యవహారమున ఆ చిన్నవయసు ఉద్యోగినిని ఏండ్లతరబడి రాత్రి హాస్యమునకు ముడిసరుకు చేసిరి. అందు పాల్గొన్న డేవిడ్ లెటర్మన్ తన కార్యాలయపు స్త్రీలతో సంబంధములు కలవని 2009 అక్టోబరులో తన బల్ల వెనుక నుండియే ఒప్పుకొనవలసివచ్చెను. ఆయన దస్త్రమును ఆయనయే జతపరచుకొనెను, అంతవరకు మేలు.

ఈ మధ్యకాలపు ముచ్చట ఒక్కటి చెప్పి అమెరికాను వదలెదము. 2015 నుండి సీబీఎస్‌లో ‘లేట్ షో’ నడుపుచుండిన కోల్బేర్, తన సంస్థ యజమానులు అధ్యక్షుడు ట్రంపుతో 160 లక్షల డాలర్లకు వ్యాజ్యము రాజీపడిన తీరును 2025 జులైలో ఎగతాళి చేసెను. కొద్ది దినములలో, జులై 17న, ఆ కార్యక్రమమును 2026 మేతో ముగింతుమని సంస్థవారు ప్రకటించిరి. నష్టము వచ్చుచున్నదని వారు చెప్పిన కారణము. సెప్టెంబరు 17న ఏబీసీ సంస్థ జిమ్మీ కిమెల్ కార్యక్రమమును ఆపివేసెను. ప్రసార నియంత్రణ సంఘాధ్యక్షుడు బ్రెండన్ కార్ ఆ దినముననే సంస్థను బహిరంగముగా గద్దించియుండెను. ప్రభుత్వము వాక్స్వాతంత్ర్యమును అణచరాదని ఆ జనవరి 20ననే అధ్యక్షుడు ఉత్తరువు వ్రాసియుండెను. అంతకంటె వింత, రాజకీయ వ్యంగ్యము వాక్స్వాతంత్ర్యములో మిక్కిలి పాతది, మిక్కిలి ముఖ్యమైనదియని ఈ కార్‌గారే 2022లో వ్రాసియుండిరి. ఆ పాత వ్రాత ఒక్క పూటలో దేశమంతయు తిరిగెను. సెప్టెంబరు 23న కిమెల్ తిరిగి వచ్చెను.

ఇంతవరకు పరాయి దేశపు కథ. మనవంటి వలస భాషీయులకు ఇందులో పనియేమని చదువరులడుగవచ్చును. 1956లో రాజ్యాంగమున 350-ఎ అను అధికరణము చేర్చి, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతి కల్పింప యత్నింపవలెనని చెప్పియున్నారు. అది ఉన్నదని మన సభలకు వచ్చు ప్రతి నాయకుడును చెప్పును. మేమును అట్టి యొక సభలో కూర్చుంటిమి. 1994 ఉగాది. ఊరు పేరు, నాయకుని పేరు వ్రాయము. ఆయన దండ వేయించుకొని, రాయలవారి పేరు నాలుగుసార్లు తలచి, మన పిల్లల బడిలో ఖాళీపడిన తెలుగు ఉపాధ్యాయుని పదవిని వేసవి సెలవులు ముగియక ముందే నింపింతునని మాటయిచ్చెను. పందిరి దద్దరిల్లెను. దానికి మూడువారముల ముందు ఆయన వ్రాసిన సిఫారసు ఉత్తరమునకు మా ఆఫీసులో నంబరు వేసి దస్త్రములో కుట్టినది మేమే. పిల్లలు చాలరు గనుక ఆ పదవిని వేరొక తాలూకాకు మార్చవలసినదని అందులో వ్రాసియుండెను.

మేము మూడవ వరుసలో కూర్చుండియుంటిమి. మేమును చప్పట్లు కొట్టితిమి. ఇంటికి నడచి వచ్చునప్పుడు మా ఆవిడ, “అయితే మేష్టారు వచ్చినట్టే గదండీ?” అని అడిగెను. ఆఫీసు సంగతులు ఇంట మాటలాడరాదని కసిరితిమి. నియమావళి అట్లే చెప్పుచున్నది, ఆ మాటకు మాత్రము తప్పు పట్టుటకు వీలులేదు. జూన్‌లో బడి తెరచినప్పుడు ఆ తరగతిలో 23 మంది పిల్లలుండిరి. మేష్టరు రాలేదు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లలను వేరు మాధ్యమమునకు మార్చుకొనిరి. మా రెండవవాడును అందులో నొకడు. వాడిప్పుడు మాకు తెలుగు లిపిలో జాబు వ్రాయలేడు. రెండేండ్లకు ఆ తరగతి ఎత్తివేసిరి.

ఆ దస్త్రము పదేండ్లు భద్రపరచవలసిన తరగతికి చెందినది. గడువు తీరినందున 2004లో తగులబెట్టవలసిన కాగితముల జాబితాలో దాని నంబరు మేమే వ్రాసితిమి.